మంచి కాలికి సిమెంటు కట్టు

ఆ పొద్దు ఆకాశం తేటగా లేదు, ముసురుగానూ లేదు. కంగ్టి దిక్కు నుంచి పలచటి మబ్బు ఒకటి వచ్చి నారాయణఖేడ్ మీద కదలకుండా నిలబడింది. భాద్రపద మాసం. పీకిన మినుము కట్టెలు కల్లాల్లో ఆరుతున్న రోజులు. పడమటి వాడలో లేచిన ప్రతి మనిషీ మొహం కడుక్కోకముందే తలెత్తి పైకి చూశాడు.

మత్తయి కూడా చూశాడు. అతని లెక్క వేరు. వాన పడితే చేను పనులు ఆగుతాయి, జనం దొరుకుతారు. పడకపోతే ఎవరూ దొరకరు.

గుడిసె ముందు ఈ వేళకు రోజూ ఇంత గడ్డి మంట వేసి, డప్పును దాని మీద అటూ ఇటూ తిప్పి, వేలితో కొట్టి చూసుకునేవాడు. ఇవాళ డప్పు గోడకే ఉంది. ఏళ్ల తరబడి దాని తోలు పట్టీ మోసీ మోసీ అతని ఎడమ భుజం కుడిదానికన్నా కిందికి దిగింది. మెడ నరాలు ఉబ్బి తాళ్లలా ఉంటాయి. శిస్తు కట్టమన్నా, పిల్లలకు సూదిమందు వేస్తారన్నా, బర్రె తప్పిపోయిందన్నా, ఎవరైనా పోయారన్నా ఊరికి అతని నోటి నుంచే తెలియాలి. తహసీలు పోయి కొత్తగా మండలం ఆఫీసు వచ్చిన ఈ ఏడు కూడా చాటింపు అతనిదే. మత్తయి సాటిండంటే అయినట్టే అని వాడలో ఒక మాట ఉంది. లేనిదాన్ని అతను ఎన్నడూ చాటలేదు.

ఇవాళ మాత్రం ఇంటింటికీ పోయి గడప ముందు నిలబడి మెల్లగా చెప్పాలి. గొంతు పెద్దదైన మనిషికి మెల్లగా చెప్పడం చేతకాదు. గుసగుస అనుకుని చెప్పింది పక్కింటికి కూడా వినబడుతోంది.

"ఏంది మామా, కోళ్లెత్తుకపోనీకె వచ్చినట్టు వచ్చినవ్?" అంది పోశమ్మ, చాట పక్కన పెట్టి.

"ఒక పూట పని ఉందమ్మా. లారీల పోవుడు, దవాఖానల మంచం మీద పండుడు, అన్నం తినుడు, వచ్చుడు. కూలి ఇస్తరు."

"పండుడు కూడ పనేనా? గట్లయితె మా ఇంటాయన ఊరికే పెద్ద పనిమంతుడు."

మత్తయి నవ్వలేదు. "నవ్వులాట కాదు పోశమ్మా. ఎలిశమ్మ ముచ్చట ఇది."

ఎలిశమ్మ అంటే ఎలీసబెతు, అతని ఒక్కగానొక్క బిడ్డ. రాష్ట్రం సరిహద్దు అవతల కొత్తగా పెట్టిన డాక్టరు కాలేజీలో మొదటి బ్యాచ్. చర్చి పెద్దలు ఫీజు కట్టారు. చదువైపోయింది, ఏడాది పాటు ఆ దవాఖానలోనే చాకిరీ కూడా అయిపోవస్తోంది. కాన్పుల డాక్టరు కావాలని ఆమె కోరిక. దానికి ఇంకా పెద్ద చదువు చదవాలి. అప్లికేషన్ పట్టుకుని హైదరాబాద్ పోయింది. కిటికీ వెనక కూర్చున్న మనిషి కాలేజీ పేరు చూసి, మీ కాలేజీకి ఢిల్లీ కౌన్సిల్ గుర్తింపు లేదమ్మా అని, కాగితాలు అలాగే వెనక్కి జరిపాడు.

ఆ రోజు బస్సు దిగి ఇంటికొచ్చి ఎలీసబెతు ఏడవలేదు. కుండలో నీళ్లు ముంచుకుని తాగి చెప్పింది. "నేను డాక్టర్నే నాయినా. గా కాలేజీ గేటు లోపలనే డాక్టర్ని. గేటు దాటితె కాదు."

నిరుడు ఢిల్లీ వాళ్లు వచ్చి చూసినప్పుడు మంచాలు ఖాళీగా ఉన్నాయట. రోగులు లేని దవాఖానలో పిల్లలు ఏం నేర్చుకుంటారని రాసిపోయారట. మళ్లీ ఇవాళ వస్తున్నారు. ఇవాళ కూడా కాదని రాస్తే మొదటి బ్యాచ్ చదువు గంగలో కలిసినట్టే.

"బాగున్నోళ్లనే తోలుకరా నాయినా," అని మరీ మరీ చెప్పింది. "రోగమున్నోళ్లు వద్దు. ఏమన్న అయితె ఆ పూట చూసెటోళ్లు ఉండరు. డాక్టర్లందరు ఢిల్లీ వాళ్ల ఎనకనే తిరుగుతరు." ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె తండ్రి ముఖం వైపు చూడలేదు.

పోశమ్మ వెనక, అరుగు మీద ఆమె అత్త కిష్టవ్వ కూర్చుని ఉంది. ఒక చేయి గోడకు ఆనించి, ఒక పిడికిలి ఎద మీద పెట్టుకుని ఉంది. వాడలో సగం మందిని ఈ లోకంలోకి లాగింది ఆ చేతులే. ఎలీసబెతు ఎదురుకాళ్లతో పుడితే, తల్లీ పిల్లా దక్కరని అందరూ అనుకున్న వేళ, ఒడుపుగా తిప్పి తీసింది కిష్టవ్వ. ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు నడుము తొక్కితే పట్టు విడుస్తుందంటారు. పిల్ల నడక నేర్చిన దగ్గర్నుంచి, నడుము పట్టేసిన వాళ్లందరినీ బోర్లా పడుకోబెట్టి వాళ్ల మీద ఆ పిల్లను నడిపించేది.

"అది పుట్టుకతోనే డాక్టరు రా మత్తీ," అంది కిష్టవ్వ. "ఈ నడుమ దాన్ని అవుననీకె, కాదననీకె ఢిల్లోళ్లు ఎవళ్లు?"

"వాళ్లు అవునంటెనే అయితదట అత్తా."

"అయితె నేనస్త."

"నీ పానం బాగలేదు గద."

"బాగలేకనే వస్తున్న. మూన్నాళ్ల సంది ఎద మీద ఎవడో కూసున్నట్టుంది. మెట్లెక్కితె శ్వాస ఆడుతలేదు. ఢిల్లీ డాక్టర్లు నా గడపకు వస్తరా? ఒక్కసారి చెయ్యి పట్టి చూస్తె సాలు."

మత్తయికి బిడ్డ చెప్పిన మాట గుర్తుంది. కిష్టవ్వ కదలకపోతే వాడలో ఆడవాళ్లు ఒక్కరూ కదలరని కూడా తెలుసు. తలెత్తి మబ్బు వైపు చూశాడు. అది పలచబడుతోంది.

"రా అత్తా. ఎలిశమ్మకు చెప్పి ఢిల్లీ సారుకే సూపిస్త," అన్నాడు. ఈసారి గొంతు తగ్గలేదు. వాడంతా వినబడింది.

షఫీయుద్దీన్ లారీ బస్సు డిపో వెనక నిలబడి ఉంది. చెరుకు నరకడానికి పోయే కూలీలను తోలే లారీ. ఎక్కుతున్న వాళ్లను చూసి అతను స్టీరింగు మీద చేత్తో దరువేశాడు. "ఏం మత్తయ్యా, రోగుల పెండ్లి బారాత్ తీస్తున్నవా? మరి దుల్హా ఎవడు?"

"నువ్వే. జల్దీ నడువు."

కిష్టవ్వను ముందు, మత్తయి పక్కన కూర్చోబెట్టారు. దారిలో షఫీయుద్దీన్ పాన్ చుట్టి ఇస్తే ఆమె వద్దని తల ఊపింది. ఎవరు ఆకు ఇచ్చినా కాదనని మనిషి. పై పెదవి మీద చెమట పట్టి ఉంది. కిటికీ లోంచి గాలి బాగానే వస్తోంది. మత్తయి అది చూశాడు. చూసి, రోడ్డు వైపు తిరిగాడు.

దవాఖాన కొత్త కట్టడం, గోడలకు ఇంకా సున్నం వాసన పోలేదు. వరుసగా మంచాలు, మంచాల మీద తెల్ల దుప్పట్లు. దుప్పట్ల మూలలకు టెంటు దుకాణం వాళ్ల ముద్ర ఉంది. ఆ మూలలను పరుపు కిందికి మడిచి దోపుతున్నారు. సూపర్‌వైజర్ మాణిక్యప్ప సరిహద్దు అవతలి మనిషి, చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది. బేగ బేగ అని తొందరపెడుతూ, వచ్చినవాళ్లను వరుసలో నిలబెట్టి, పెళ్లిలో తాంబూలం పంచినట్టు రోగాలు పంచుతున్నాడు.

"నీకు జ్వరం. నీకు కడుపు. నీకు దమ్ము. దగ్గొస్తదా? దగ్గి చూపెట్టు."

"నాకు షుగర్ ఇయ్యి సారూ, అది పెద్దోళ్ల రోగం," అన్నాడు బాలప్ప, వెనక వరుసలోంచి. అందరూ నవ్వారు. మాణిక్యప్ప నవ్వలేదు.

కిష్టవ్వ దగ్గరికి వచ్చి ఆగాడు. "ఎముకల వార్డు ఖాళీగ ఉంది. ఈ అవ్వను అటు తీసుకపోండ్రి."

"నా కాళ్లు మంచిగనే ఉన్నయి బిడ్డా. నొప్పి ఎదల."

"ఎద వార్డు నిండింది అవ్వా. ఇవాళ నీకు కాలు విరిగింది."

ఆమె మత్తయి వైపు చూసింది. "చెప్త అత్తా, ఎలిశమ్మ రానీ," అన్నాడు మత్తయి.

చదువుకునే పిల్లలు ఇద్దరు వచ్చి, తెల్లపొడి అద్దిన పట్టీలు వేడి నీళ్లలో ముంచి, మోకాలి నుంచి వేళ్ల దాకా చుట్టారు. చేయి తిరిగిన పని కాదు. చుట్టిందే మళ్లీ చుట్టారు. తన కాలు తెల్లబడడాన్ని కిష్టవ్వ ఇంకెవరి కాలో అన్నట్టు చూస్తూ పడుకుంది. "వెచ్చగుందిరా," అంది. కొంచెం సేపటికి, "బరువుగుంది," అంది.

వార్డు చివర ఎలీసబెతు కనబడింది. తెల్లకోటు, తల వెనక్కి బిగించి కట్టిన జడ. మత్తయి పెద్ద అంగలేసుకుంటూ పోయాడు.

"బిడ్డా, ఒక్క మాట. కిష్టవ్వత్తకు—"

"నాయినా, నువ్వు గిట్ల నిలబడకు. ఎవరి మంచం కాడనన్న కూసో, రోగికి తోడొచ్చినట్టు."

"గది కాదు బిడ్డా, అత్తకు ఎదల—"

బయట కారు హారన్ మోగింది. ఎలీసబెతు అటు తిరిగింది. "అన్నీ తర్వాత నాయినా," అని కోటు సర్దుకుంటూ పరుగు తీసింది.

మత్తయి వచ్చి కిష్టవ్వ మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. వార్డంతా మూలుగులు మొదలయ్యాయి. బాలప్ప మూలుగు అందరికన్నా గట్టిగా ఉంది. ఒక్క కిష్టవ్వ మాత్రం ఏ చప్పుడూ చేయడం లేదు.

"అవ్వా, జర మూలుగు," అన్నాడు మాణిక్యప్ప వంగి, పోతూ పోతూ.

ఆమె కళ్లు మూసుకునే తల ఊపింది. మూలగడానికి శ్వాస ఖర్చు అవుతుంది. మత్తయి ఆమె చేయి పట్టుకున్నాడు. చల్లగా, చెమటతో జారిపోతోంది. తువ్వాలతో విసరసాగాడు.

ఢిల్లీ డాక్టరు పొట్టిగా ఉన్నాడు, ముసలివాడు. కళ్లద్దాలకు తాడు కట్టి మెడలో వేసుకున్నాడు. కాలేజీ పెద్దలంతా చుట్టూ ముసిరి మాట్లాడుతున్నా, ఆయన ఎవరి మాటా వింటున్నట్టు లేడు. ఒక్కో మంచం దగ్గర ఆగి, రోగి నుదురో చేయో ముట్టుకుని ముందుకు కదులుతున్నాడు. అందరికన్నా వెనక ఎలీసబెతు.  

కిష్టవ్వ మంచం దగ్గర ఆయన ఆగాడు.

"దర్ద్ కహా హై అమ్మా?"

నారాయణఖేడ్‌లో పుట్టినవాళ్లకు ఆ మాటకు అర్థం చెప్పాల్సిన పని లేదు. కిష్టవ్వ కళ్లు తెరిచింది. ఇంత పెద్ద డాక్టరు తన మంచం పక్కన నిలబడి, నొప్పి ఎక్కడని అడుగుతున్నాడు. పిడికిలి మెల్లగా ఎద మీదికి లేచింది. సగం దాకా వచ్చి ఆగింది. ఆమె మత్తయి వైపు చూసింది.

ఎదలో నొప్పి ఉన్న మనిషికి కాలికి కట్టు ఎందుకని ఆయన అడుగుతాడు. అడిగితే ఈ ఒక్క మంచంతో ఆగదు. పక్క మంచం, ఆ పక్క మంచం, చివరి బాలప్ప దాకా పోతుంది. ఢిల్లీ డాక్టరు భుజం పైనుంచి ఎలీసబెతు కనబడుతోంది. చేతులు రెండూ కోటు జేబుల్లో ఉన్నాయి. కింది పెదవి పంటి కింద ఉంది.

మత్తయి నోరు తెరిచాడు. వాగు అవతలి మనిషికి కూడా వినబడే గొంతు అది. తెరిచిన నోరు అలాగే ఉంది. తర్వాత తల దించుకుని నేల చూశాడు.

"కాలు సాబ్," అంది కిష్టవ్వ. "పైర్ మే."

ఆయన వంగి కట్టును ముట్టుకున్నాడు. వేలికి తెల్లగా అంటింది. ఆ వేలిని కొంచెం సేపు చూసుకున్నాడు. వార్డులో మూలుగులు వాటంతటవే తగ్గాయి. కాలేజీ పెద్ద ఏదో అనబోతే చేయెత్తి ఆపాడు.

"కబ్ గిరీ?" ఎప్పుడు పడ్డావని అడిగాడు.

"ఇయ్యాలనే సాబ్. ఆజ్ సుబే." ఒక్కో మాటకూ మధ్య ఆగి శ్వాస తీసుకుంటోంది. "మినుము కల్లంల. కట్టె కాలికి తట్టుకుని పడ్డ."

ఆయన ఆమె ముఖం వైపు చూశాడు. ఏమనుకున్నాడో తెలియదు. రుమాలుతో వేలు తుడుచుకుని తర్వాతి మంచానికి కదిలాడు. ఎలీసబెతు ఒక్క క్షణం వెనకబడింది. కిష్టవ్వ పెదవుల రంగు చూసి కనుబొమలు ముడిచింది. ముందు నుంచి ఎవరో పేరు పెట్టి పిలిచారు. ఆమె పోయింది.

"అత్తా, ఇగ పిలుస్త," అన్నాడు మత్తయి, స్టూలు మీంచి లేస్తూ. "ఎవర్నన్న పిలుస్త."

కిష్టవ్వ అతని వేళ్లు వదలలేదు. "కూసో. వాళ్లను పోనియ్యి."

"అత్తా—"

"ఓర్సుకో, ఓర్సుకో అని ఊళ్లె ఆడోళ్లందరికి చెప్పిన. నేను ఓర్సుకోనా?"

అతను కూర్చున్నాడు.

పక్క గదిలో కప్పులు, సాసర్ల చప్పుడు. ఢిల్లీ వాళ్లు చాయ్ తాగుతున్నారు. ఎవరో నవ్వారు. కిటికీ కమ్మీల నీడ దుప్పటి మీద పడి ఉంది. మబ్బు విడిచినట్టుంది, ఎండ కాస్తోంది. కిష్టవ్వ ఒకసారి పోశమ్మ పేరు అన్నట్టు అనిపించింది. పోశమ్మ ఆ గోడ అవతల కడుపునొప్పి వార్డులో ఉంది. మత్తయి తువ్వాలతో విసురుతూనే ఉన్నాడు. తన చేతిలో ఆ వేళ్ల పట్టు ఎప్పుడు సడలిందో అతనికి తెలియలేదు. కట్టు ఉన్న కాలు దిండు మీద నిటారుగా ఉంది. రెండో కాలి పాదం మాత్రం మెల్లగా పక్కకు ఒరిగింది. దాన్ని చూసి అతను విసరడం ఆపాడు.

బయట కార్లు కదిలాయి. ఆ చప్పుడు గేటు దాటి, రోడ్డెక్కి, వినబడకుండా పోయేదాకా మత్తయి అలాగే కూర్చున్నాడు. తర్వాత లేచి పిలిచాడు.

"ఎలిశమ్మా!"

ఆ పూటకు అది అతని అసలు గొంతు. దవాఖానంతా వినబడింది. మంచాల మీది వాళ్లంతా ఒక్కసారిగా లేచి కూర్చున్నారు.

ఎలీసబెతు పరుగున వచ్చింది. మెడ దగ్గర వేళ్లు పెట్టి చూసింది. మంచం మీదికెక్కి రెండు చేతులూ కిష్టవ్వ ఎద మీద పెట్టి గట్టిగా అదమసాగింది. జడ విడిపోయి ముఖం మీద పడింది. చాలాసేపు అదిమింది. తర్వాత చేతులు ఆగిపోయాయి.

"ఎప్పటి సంది నాయినా?"

"మూన్నాళ్ల సంది."

"మరి నాకెందుకు..." అని, ఆ మాటను అక్కడే ఆపేసింది. తండ్రి ఆమెను చూడలేదు. ఆమె తండ్రిని చూడలేదు.

మాణిక్యప్ప గుమ్మంలోకి వచ్చాడు, ముఖం విప్పారి ఉంది. "మంచిగ అయింది. సారు సంతోషంగనే పోయిండ్రు. ఈసారి గుర్తింపు రాస్తరంట. నడువుండ్రి, అన్నం తయారుంది. మంచాలు వాపస్ ఇయ్యాలె—" మంచం చూసి ఆగాడు. తలకు చేయి పెట్టుకున్నాడు. వెనక్కి తిరిగి పోయాడు.

పోశమ్మ వచ్చింది. గట్టిగా ఏడుస్తుందని అందరూ ఎదురుచూశారు. ఆమె అత్త కళ్లు మూసి, కొంగుతో ముఖం తుడిచింది. కట్టు మీద చేయి వేసింది.

"దీన్ని తియ్యి ఎలిశమ్మా. గిట్లనే తోలుకపోతె తానం ఎట్ల పోస్తం? పాదానికి నీళ్లు తగలాలె గద."

ఎలీసబెతు కత్తెర తెచ్చింది. మోకాలి దగ్గర మొదలుపెట్టి కిందిదాకా నిలువునా కోసుకుంటూ వచ్చింది. అడుగడుగుకూ ఆగి, లోపల చర్మానికి కత్తెర మొన తగలకుండా వేలు అడ్డుపెట్టుకుని కోసింది. కట్టును రెండు వైపులా విప్పి, కాలును బయటికి తీసింది. ఎండు కట్టె లాంటి పిక్క, దాని మీద పచ్చబొట్టు తేలు, నీళ్లలో నానినట్టు ముడుతలు పడ్డ పాదం. ఒక్క గీత లేని మంచి కాలు. పోశమ్మ అప్పుడు ఏడ్చింది.

వెనక వరండాలో ఇస్తరాకులు వేశారు. ఎవరూ కూర్చోలేదు. పీనుగ పక్కన ఉండగా నోట్లో ముద్ద పెట్టిన వాళ్లు వాడలో లేరు. శవం లేచేదాకా పొయ్యి కూడా ముట్టించరు. పొద్దుటి నుంచి ఎవరి కడుపులోనూ ఏమీ లేదు. రోగులు తింటూ కనబడొద్దని మాణిక్యప్ప చాయ్ కూడా ఇవ్వలేదు. షఫీయుద్దీన్ లారీలో గడ్డి పరిచి, దాని మీద దుప్పటి వేసి వచ్చి, ఒక మూలకు నిలబడ్డాడు. వడ్డించే మనిషి గరిటె పట్టుకుని ఒకరి తర్వాత ఒకరి ముఖం చూస్తున్నాడు.

పోశమ్మ వచ్చింది. కళ్లు తుడుచుకుంది.

"కూసోండ్రి. ఈడ మనకు ఇల్లు లేదు, పొయ్యి లేదు. ఇది మా అత్త కూలి. పారబోస్తె ఆమె ఊకోదు."

ఆమే ముందు కూర్చుంది. బాలప్ప కూర్చున్నాడు. ఒక్కొక్కరే వచ్చి వరుసలో చేరారు. మత్తయి చివర కూర్చున్నాడు. ఎలీసబెతు, చేతిలోని కట్టును ఎక్కడ పెట్టాలో తెలియనట్టు అటూ ఇటూ చూసి, వరండా స్తంభానికి ఆనించింది. చేతులు కడుక్కుంది. తండ్రి పక్కన నేల మీద కూర్చుని ఆకు ముందుకు జరుపుకుంది. గోళ్ల సందుల్లో తెల్లపొడి పోలేదు.

అన్నం, పప్పు, వంకాయ కూర వడ్డించారు. ఎవరూ ఉప్పు అడగలేదు, ఎవరూ చాలనలేదు. ముద్దలు కలిపే చప్పుడు, మింగే చప్పుడు. మత్తయి ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నీళ్లు తాగి దింపాడు, మళ్లీ కలిపాడు. పక్కన ఎలీసబెతు తల వంచుకుని ఒక్క మెతుకు వదలకుండా తింటోంది. వాళ్లెదురుగా, స్తంభానికి ఆనించిన సిమెంటు కట్టు, పిక్క దగ్గర ఉబ్బుగా, మడమ దగ్గర గుండ్రంగా, ఒక ముసలి కాలంత పొడుగ్గా నిలబడి ఉంది. లోపలి తడి ఇంకా ఆరలేదు.